రెప్పలు కలిసేదాకా

మీ తల కొంచెం పక్కకి తిప్పుతానండీ అన్నాను, మా అక్కతో. మాట బయటికొచ్చాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఈ గదిలోకి వచ్చినవాళ్ళకి ఏం చేసినా ముందు చెప్పి చెయ్యాలి. చెయ్యి ఎత్తబోతే చెయ్యి ఎత్తుతున్నానని, నీళ్ళు పొయ్యబోతే కొంచెం చల్లగా ఉంటాయని. పంతొమ్మిదేళ్ళ కిందట మాస్టారు నేర్పిన మొదటి పాఠం అదే, కత్తెర పట్టుకోవడం కూడా ఆ తరవాతే. వాళ్ళకి వినపడదు కదండీ అంటే, నీకు వినపడుతుందిగా అన్నారు. అప్పట్నుంచి ఎన్ని వందలమందితో ఇలా ఒంటరిగా మాట్లాడానో, అందరినీ మీరు అనే, మరీ పసివాళ్ళని తప్ప. ఇవాళ ఈ స్టీలు బల్ల మీద అక్క ఉంది. మెడ కింద దిమ్మ, ఛాతీ దాకా తెల్లదుప్పటి, పక్కన పంపు, కాళ్ళవైపు తొట్టి. గోడ గడియారంలో పదకొండుంబావు. పన్నెండున్నరకి బావ వస్తాడు చూడటానికి. ఆలోగా అక్క కళ్ళు మూతపడాలి. అక్క నన్ను జీవితంలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మూతపడటం లేదు. ఇప్పటికి నాలుగుసార్లు రెప్పలు దించాను, నాలుగుసార్లూ అవి మెల్లగా, నా మాట వినాలని ఉన్నా కుదరనట్టు, పైకి జరిగిపోయాయి. రెండు రెప్పల మధ్య తెల్లగుడ్డు సన్నగా కనపడుతూనే ఉంది. మామూలుగా అయితే రెప్ప కింద చిన్న ప్లాస్టిక్ మూత పెడతాం, దాని గరుకుకి రెప్ప పట్టుకుని కూర్చుంటుంది, అయిదు నిమిషాల పని. అక్కకి అది పెడితే అసలే ముందుకొచ్చిన కన్ను ఇంకా ముందుకొస్తుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తే కొందరికి కంటి వెనక కండలు వాచి గుడ్డుని బయటికి తోస్తాయి. మందులతో గుండెదడ తగ్గినా, చెమటలు తగ్గినా, కళ్ళు మాత్రం వెనక్కి వెళ్ళనంటాయి. మెడ దగ్గర నాళం తీసి, దేహం చెడిపోకుండా ఉంచే ద్రవం ఎక్కించడం తేలిక, అందరికీ అలాగే చేస్తాం, కానీ అక్క మెడలో ఉబ్బిన ఆ థైరాయిడ్ గ్రంథి నాళాన్ని ఎటో నెట్టేసింది. పైగా ముప్ఫై ఏళ్ళు కండువా కింద దాచుకున్న మెడ అది, దాని మీద కత్తి పెట్టడానికి నాకు మనసు రాలేదు. తొడ దగ్గర్నుంచి ఎక్కిస్తున్నాను. నీళ్ళు ఎక్కువ కలిపి, పంపు బాగా తగ్గించి, ఎందుకంటే జబ్బు ఒంట్లో కండ, కొవ్వు ఏదీ మిగల్చలేదు, ఆఖరి రెండు రోజుల జ్వరం తడి కూడా మిగల్చలేదు, తొందరపడితే ఆ ద్రవమంతా మొహానికి ఎక్కి రెప్పలు ఉబ్బుతాయి. ఉబ్బిన రెప్పల్ని ఇక ఎవరూ కలపలేరు. అందుకే పంపు మెల్లగా టక్ టక్ మంటోంది, నేను మెల్లగా ఉండలేకపోతున్నాను.

మీ చెయ్యి నిమురుతానండీ. మళ్ళీ అండీ. భుజం దగ్గర్నుంచి వేళ్ళ కొసల దాకా ఇలా నిమురుతూ ఉంటే ద్రవం దారి చూసుకుని వెళుతుంది, కాసేపటికి గోళ్ళ కింద లేత గులాబీ రంగు వస్తుంది, అందులో కలిపే రంగే అది, చేరిందని గుర్తు. అక్క చెయ్యి చల్లగా ఉంది. చల్లగా ఉండక ఏం చేస్తుంది, ఈ బల్ల మీది చేతులన్నీ చల్లగానే ఉంటాయి, ఇదేమన్నా కొత్తా అని నన్ను నేనే కసురుకున్నాను. కొత్తే. అక్క చెయ్యి చల్లగా ఉండటం నాకు బొత్తిగా కొత్త. ఒకే మంచం మీద పెరిగాం. నేను చలికి ముడుచుకుంటే అక్క కిటికీ తెరవమనేది, నేను మూసేదాన్ని, తను తెరిచేది, చివరికి రాజీ ఏమిటంటే కిటికీ తెరిచే ఉంటుంది, నా రెండు చేతులూ తన చేతుల మధ్య ఉంటాయి. కాలిపోతూ ఉండేవి ఆ చేతులు, సన్నగా వణుకుతూ కూడా. గ్లాసు అందిస్తే నీళ్ళు ఒలికేవి, సూదిలో దారం నన్నే ఎక్కించమనేది. కూర్చున్నా ఒక కాలు ఊగేది, మాట్లాడితే మాట మీద మాట పడేది, ఇద్దరి తిండి తినేది, అయినా పీలగానే ఉండేది. డాక్టరు గ్రంథి పెద్దదైందని చెబితే మా అత్తయ్య సరిగ్గా వినక, చెప్తే విన్నావా, రాత్రీ పగలూ ఆ గ్రంథాలు చదవొద్దని మొత్తుకున్నాను, ఇప్పుడు చూడు అని అక్కనే కేకలేసింది. అక్క వారం రోజులు నవ్వింది. ఆ తరవాత ఏ మందుసీసా వచ్చినా ఇది ఏ గ్రంథానికి అనేది. ఈ పనిలో చేరాక నా మొదటి పాఠ్యపుస్తకంలో గ్రంథుల జబ్బులు అనే అధ్యాయం కనపడితే ఫోన్ చేసి చదివి వినిపించాను, అందులో తనలాంటి దేహానికి ఏం చెయ్యాలో రాసిన వాక్యం దాకా వచ్చి ఆగిపోయాను. చదవవే, నా గురించే కదా అంది. నేను లైను సరిగ్గా లేదని అబద్ధమాడి పెట్టేశాను.

అబద్ధాలు నాకు కొత్త కాదు. నాకు పదేళ్ళప్పుడు అక్కకి పదిహేడు, జబ్బు బయటపడ్డ ఏడాది. చదువు మధ్యలో ఆగి ఇంట్లోనే ఉండేది కాబట్టి సాయంత్రం నన్ను బడి నుంచి తీసుకెళ్ళే పని తనది. గేటు అవతల నిలబడేది, ఎముకల గూడులా, మెడకి కండువా చుట్టుకుని, ఎవరినో చూసి ఉలిక్కిపడ్డట్టుండే ఆ కళ్ళేసుకుని. ఆవిడెవరే, అలా చూస్తోందేంటి అంది నా పక్కనున్న పిల్ల. పక్కింటావిడ, మా అక్కకి పనుంటే ఆవిడొస్తుంది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పక్కన అక్క పడుకుని ఉంది, కళ్ళు సగం తెరుచుకునే, ఎప్పుడూ అంతే, నిద్రపోయిందో లేదో తెలిసేది కాదు, ఊపిరి చూసి చెప్పుకోవాలి. ఊపిరి నిదానంగానే ఉంది. ఆ తెల్లగుడ్ల వైపు తిరిగి గుసగుసగా, ఇవాళ నిన్ను పక్కింటావిడ అన్నాను, అని చెప్పేసి, బరువు దిగిపోయి హాయిగా నిద్రపోయాను. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర నా స్నేహితురాళ్ళందరూ ఉండగా అక్క రెండడుగులు దూరంలోనే ఆగి, మీ అక్కగారు పనిలో ఉన్నారండీ, మిమ్మల్ని జాగ్రత్తగా తీసుకురమ్మన్నారు, ఆ సంచీ ఇలా ఇవ్వండి, అంది.

నేను సంచీ ఇచ్చి తల దించుకుని నడిచాను. వీధి మలుపు తిరిగాక తలెత్తి చూస్తే, ఏంటమ్మా అలా చూస్తారు, మీ అక్కగారికి నేనేం చెప్పన్లెండి, అంది నవ్వుతూ. ఆ బడి వదిలేదాకా, అంటే నాలుగేళ్ళు, అలాగే నడిపింది. ఇంట్లో నువ్వు, గేటు దగ్గర మీరు. వర్షమొస్తే గొడుగు నా మీద పట్టి, తను పక్కింటావిడ కాబట్టి కాస్త ఎడంగా తడుస్తూ నడిచేది. నేను సిగ్గుతో చచ్చిపోవాల్సింది పోయి, అమ్మయ్య అనుకున్నాను. క్షమించమని ఎప్పుడూ అనలేదు. పెద్దయ్యాక అది మా ఇద్దరి హాస్యమైపోయింది, పోట్లాట వస్తే చాలు, తమరు కాస్త జరుగుతారా, తమరే ముందు చెప్పండి, అని ఫోన్‌లో కూడా మర్యాదలు ఒలకబోసుకునేవాళ్ళం, ఎవరు ముందు నువ్వు అంటే వాళ్ళు ఓడినట్టు. హాస్యం చేసేసుకుంటే ఇక క్షమాపణ చెప్పక్కర్లేదు, ఆ వాటం నాకు బాగా నచ్చింది.

కుడి రెప్పకి కొంచెం క్రీము రాస్తానండీ. రాసి, బల్లపరుపు చెంచాతో లోపలివైపు నుంచి కిందికి సాగదీస్తే కొంచెం వదులవుతుంది, మెల్లగా, మెల్లగా, చర్మం కాగితంలా ఉంది. కుడిది వస్తోంది. వచ్చింది. కింది రెప్పని తాకింది. పల్చటి దూదిపొర పెట్టాను జారకుండా. ఎడమది ఎప్పుడూ మొండిదే, అక్క కూడా అనేది, ఎడం కన్ను నా మాట వినదే, అది నీలాంటిది అని. పుస్తకంలో ఇంకో ఉపాయం ఉంది, సన్నటి సూదితో గుడ్డులోంచి కాస్త నీరు లాగేస్తే అది దిగుతుంది. సూది తీశాను. అక్క కంట్లో సూది. తిరిగి డబ్బాలో పెట్టేశాను. జిగురు ఉంది, ఒక్క చుక్క చాలు, కానీ రెప్పలు కలవాలంటే కింది రెప్పని పైకి లాగాలి, లాగితే బుగ్గ లాక్కుని మొహం చిరాకుగా మారుతోంది, ఎవరో కోపిష్టి ఆవిడలా. వదిలేస్తే మా అక్క. లాగితే ఆవిడ.

నా మొదటి ఏడాదిలో ఒక పోస్టుమాన్ వచ్చాడు ఈ బల్ల మీదికి. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, అవి పనిచెయ్యడం మానేస్తే ఒళ్ళు రాగిరంగు తిరుగుతుందని నాకప్పటికి తెలియదు. ఎండలో తిరిగిన మురికనుకుని సబ్బుపెట్టి తోమాను. ఎంత తోమినా పోలేదు. అప్పుడు నా తెలివంతా ఉపయోగించి, మొహానికీ చేతులకీ లేతరంగు పూసి ముచ్చటగా తయారుచేశాను. ఆయన భార్య వచ్చి చాలాసేపు చూసింది. ఈయన మా పెళ్ళినాటి ఫోటోలో ఉన్నాయన, బాగానే ఉన్నాడు గానీ, మా ఆయనేడమ్మా, అంది. ఆవిడ ముందే దూది తడిపి ఆ రంగంతా తుడిచాను, ఆవిడ కూడా ఒక చెయ్యి తీసుకుని తుడిచింది. మాస్టారు నన్ను తిట్టలేదు. జబ్బుకీ మనిషికీ మధ్య గీత ఎక్కడుందో నాకు తెలిసుంటే నీకు చెప్పేవాణ్ణి, అన్నారంతే. చక్కెర జబ్బువాళ్ళ పాదాలకి ద్రవం చేరకపోతే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు, మందుల వల్ల చందమామంత గుండ్రంగా ఉబ్బిన మొహాలకి ఏం చెయ్యాలో తెలుసు, ఈ ఒక్కటి మాత్రం తెలియదన్నారు. ఇప్పుడు బావ వచ్చి, మూసిన కళ్ళ అక్కని చూసి, మా ఆవిడేదని అడిగితే నేనేం చెప్పను. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన చూసిన మొహం తెరిచిన కళ్ళది.

కానీ అక్క అడిగింది. పోయినేడు మా ఇంటికొచ్చి ఉతికిన బట్టలు మడతపెడుతూ అడిగింది, తువ్వాలు అంచులు కలపడానికి చేతులు వణుకుతుంటే మూడుసార్లు విప్పి మళ్ళీ మడిచి. నాకు నువ్వే చెయ్యాలి, ఇంకొకళ్ళు వద్దు. ఏమన్నా చేసుకో గానీ కళ్ళు మాత్రం పూర్తిగా మూయి. ఒక్కసారన్నా అందరిలా నిద్రపోయినట్టు కనపడాలని ఉందే. నేను తువ్వాలు లాక్కుని, ముందు మాత్రలు సరిగ్గా మింగు, తరవాత చావు గురించి మాట్లాడుదువుగాని అన్నాను. తను నవ్వింది. మాత్రలు మానేసిందని అప్పుడే కనిపెట్టాల్సింది. వేడి చేతులు, ఊగే కాలు, మాట మీద మాట, అన్నీ తిరిగొచ్చాయి, నేను మాత్రం అక్క హుషారుగా ఉందనుకుని సంతోషించాను, ఆఖరి జ్వరం అందులోంచే వచ్చింది. చచ్చినవాళ్ళ ఒంట్లో ఏ గ్రంథి ఏం చేసిందో గోళ్ళు చూసి చెప్పగలను, బతికున్న అక్కని పక్కన కూర్చోబెట్టుకుని చూడలేకపోయాను. నాకు నా మీద చాలా కోపంగా ఉంది. ఈ కోపం తీరదు, ఇది నాతోనే ఉంటుంది, ఉండనీ.

గోళ్ళ కింద రంగు వస్తోంది. చెవి తమ్మెలకి కూడా. పన్నెండు దాటింది. ఈ ఉదయం అక్కని తీసుకొచ్చినప్పుడు మాస్టారు కాగితం చేతిలో పట్టుకుని, నీకు తెలిసినావిడా అన్నారు, ఎందుకంటే నా మొహం అలా ఉండి ఉంటుంది. ఇక్కడ ఒక నియమం ఉంది. సొంతవాళ్ళ మీద మన చెయ్యి పడకూడదు. చెయ్యి వణుకుతుంది, లేదా అస్సలు వణక్కుండా గట్టిపడుతుంది, రెండూ మంచివి కావంటారాయన. చెబితే నన్ను బయట కూర్చోబెట్టి తనే చేస్తారు. అందుకని, మా పక్కింటావిడండీ, అన్నాను.

అదే మాట. ముప్ఫై ఏళ్ళ తరవాత అదే మాట, అంతే తేలిగ్గా. అక్కడే మొదలైందన్నమాట ఈ మీరు, ఈ అండీ. నోరు అలవాటుగా అనేసిందనుకున్నాను, కాదు, గేటు దగ్గర మళ్ళీ అక్కని ఎడంగా నిలబెట్టాను. ఈసారి తను సంచీ ఇలా ఇవ్వండి అని నన్ను కాపాడటానికి కూడా లేదు. చేతిలో చెంచా పక్కన పెట్టేశాను. తొడుగులు తీసేశాను, తియ్యకూడదు, తీసేశాను. అక్క నుదుటి మీద చెయ్యి వేసి, అక్కా, నేను ఆ రోజు అన్నది తప్పే, నువ్వు విన్నావని నాకు తెలుసే, అన్నాను. ఆ తరవాత పెద్దగా ఏడ్చాను, పంపు చప్పుడులో బయటికి వినపడదనుకుని. వినపడింది కాబోలు, లేక బావ ముందుగా వచ్చేశాడు కాబోలు, తలుపు తెరుచుకుంది. మాస్టారు, ఆయన వెనక బావ.

మాస్టారు నా ఉత్తచేతుల వైపు చూశారు.

"మా అక్కండీ" అన్నాను.

"తెలుసు. పక్కింటావిడకి నీ ముక్కు ఎలా వచ్చిందా అని పొద్దుట్నుంచీ చూస్తున్నాను" అన్నారు.  ఇంటివాళ్ళు ఈ గదిలోకి రాకూడదన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. మూల నుంచి కుర్చీ తెచ్చి బల్ల పక్కన వేసి, బావ భుజం తట్టి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

బావ కూర్చోలేదు. ఎప్పుడు కలిసినా డాక్టరుగారూ, మీ పేషెంట్లు ఎవరూ ఫిర్యాదు చెయ్యరట కదా అని ఏడిపించే మనిషి, ఇవాళ నన్నసలు చూడలేదు. అక్కనే చూస్తున్నాడు, కుడి కన్నుని, తరవాత ఎడమ కన్నుని. నేను గడగడా చెప్పుకుపోతున్నాను, ఎడమది రావడం లేదు బావా, జిగురు పెట్టొచ్చు గానీ మొహం మారిపోతోంది, నీకు మూసిన కళ్ళతో అక్క కొత్తగా అనిపిస్తుందేమో, వద్దంటే ఇలాగే వదిలేస్తాను, కానీ తను అడిగింది, నేను మాటిచ్చాను, అసలు మాట కూడా ఇవ్వలేదు, తువ్వాలు లాక్కున్నాను.

"కొత్తేంటి" అన్నాడు బావ. "రోజూ చూసే మొహమేగా."

నాకర్థం కాలేదు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, నన్ను కొంచెం జరగమని, ఎడం కన్ను బయటి మూల మీద బొటనవేలు పెట్టాడు. నేను పైనుంచి కిందికి లాగుతున్నాను, ఆయన పక్కనుంచి లోపలికి జరిపాడు, చాలా కొంచెం, రెప్ప తనంతట తను వచ్చినట్టు వచ్చి కింది రెప్పని తాకింది. బుగ్గ కదల్లేదు. మొహం మారలేదు. ఆ వేలు అక్కడే ఉంది.

"రాత్రిళ్ళు కళ్ళకి మందు వేసేవాణ్ణి కదా. మూసుకోకపోతే ఆరిపోతాయని డాక్టరు టేపు అంటించమన్నాడు. దానికి టేపంటే అసహ్యం, చర్మం లేచొచ్చేది. అందుకని నిద్రపట్టేదాకా ఇలా పట్టుకుని కూర్చునేవాణ్ణి. ముందు కుడిది, తరవాత ఇది. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. అన్నీ వాగే అక్క ఇది చెప్పలేదు. అందరిలా నిద్రపోవాలని ఉందే అన్నప్పుడు, మీ బావ ఒక్కడికే తెలుసు అని అనలేదు. నాకు ఒక్క క్షణం అసూయ వేసింది, మరుక్షణం ఒళ్ళంతా తేలికైంది. ఇరవై రెండేళ్ళు అక్కని ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్ళు ఒకళ్ళున్నారు.

"ఎంతసేపు పట్టుకోవాలి?" అన్నాడు.

"పది నిమిషాలు పడుతుంది బావా. లోపల ద్రవం పట్టి కొంచెం గట్టిపడేదాకా."

నేను అయిదేసి లెక్కపెట్టి వదిలేశాను ఇందాక, నాలుగుసార్లూ. నాకు ఓపిక లేకపోయింది, అంతే తేడా. పంపు ఇంకాస్త తగ్గించాను. అక్క రెండో చెయ్యి తీసుకుని భుజం నుంచి కిందికి నిమురుతూ, ఇప్పుడు ఎడం చెయ్యే అక్కా, అన్నాను.  బావ ఒకసారి వంగి అక్క ముంగురులు పక్కకి తీశాడు, రెండో చేత్తో. కిటికీ అద్దం మీద ఎండ పడి బల్ల అంచు దాకా వచ్చింది. అక్క నిద్రపోతున్నట్టుంది. నేను అక్క కళ్ళు మూసుకుని నిద్రపోతుండగా చూడటం ఇదే మొదలు, తను నిద్రపోయిందని ఊపిరి చూడకుండా తెలియడం.

పది నిమిషాలైంది. ఇంకో అయిదు కూడా. రెప్ప అంచు మీద నా గోరు ఆనించి చూశాను, గట్టిపడింది.

"ఇంక తీసెయ్యొచ్చు బావా."

"తెరుచుకుంటుందేమో."

"తెరుచుకోదు."

"రోజూ వేలు తియ్యగానే కాస్త తెరుచుకునేది" అన్నాడు. "నిద్రలోనే. నన్ను చూస్తున్నట్టుండేది."

"ఇంక తెరుచుకోదు బావా."

అర్థమైందన్నట్టు తల ఊపాడు. వేలు మాత్రం తియ్యలేదు.